గుండీ కుట్టే చెయ్యి, పదిహేను మార్కులు

వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

పెద్దమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం, నా సిద్ధాంతం పేపరొక్కటే బాగాలేదు. చిత్రలేఖనం ప్రాక్టికల్లో తొంభై ఆరు వచ్చాయి, సిద్ధాంతంలో ముప్పై ఒకటి. ముప్పై అయిదు వస్తే గానీ పాసు కాదు. కూజా గియ్యమంటే గీశాను, నీడ కూడా వేశాను. ఆ కూజాలో ఉన్న 'ఏకత్వం' గురించి అయిదు వాక్యాలు రాయమంటే మాత్రం నీళ్ళు నమిలాను.

మళ్ళీ రాయడానికి అవకాశం ఒక్కసారే ఇస్తారు. అయిదు నెలల్లో పరీక్ష. ఇదీ తప్పితే చిత్రకళా కాలేజీ మాట మరిచిపోవడమే. నాన్న అప్పుడే తన స్నేహితుడి మందుల షాపులో నాకు చోటు మాట్లాడి పెట్టాడు. "డాక్టర్ల రాత చదవడం కూడా ఒక కళేనమ్మా" అంటున్నాడు. ఎగతాళికి అంటే పోట్లాడేదాన్ని, మనస్ఫూర్తిగా అంటున్నాడు.

ఫోన్ చేద్దామంటే అమ్మ మధ్యలో లాక్కుని నీ మోకాళ్ళ నొప్పుల దగ్గరికి వెళ్ళిపోతుంది. నువ్వేమో పగలంతా ఫోన్ లాకర్లో పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

అసలు సంగతి విను. మా పుస్తకంలో పది బొమ్మలున్నాయి. తొమ్మిది ఎక్కడున్నాయో నాకు తెలియదు, పదోది నీ గదిలో ఉంది! 'గుండీ కుడుతున్న స్త్రీ'. ఇరవై ఒక్క ఏళ్ళుగా నువ్వు మ్యూజియంలో కాపలా కూర్చున్న నాలుగో గదిలోదే. ప్రతి ఏడూ దాని మీద పదిహేను మార్కుల ప్రశ్న వస్తుంది. పుస్తకంలో ఏముందో చూడు: "స్త్రీ ఎడమ చేతితో కుట్టుట గమనార్హము. ఎడమ చేతివాటము గలవారి ఏకాంతమును అజ్ఞాత చిత్రకారుడు ఇందు హృద్యముగా చిత్రించెను."

ఈ వాక్యం చదివి పుస్తకం మూసేసి మళ్ళీ తెరిచాను. అది అక్కడే ఉంది. ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ నా చేతి గురించి ఎవరూ రాయలేదు పెద్దమ్మా. రాస్తుంటే అరచెయ్యి తడి సిరా మీద పాకి పేజీ అంతా మసి అవుతుంది. మంచి చేతిరాతకి ఒక మార్కు ఇస్తారు, అది నాకు పుట్టి బుద్ధెరిగి రాలేదు. పోయినసారి పేపరు దిద్దినాయన "వానలో రాశావా?" అని ఎర్ర సిరాతో అడిగాడు.

ఆమె గురించి నీకు తెలిసిందంతా రాయి. ముఖ్యంగా ఆ ఎడమ చెయ్యి గురించి.

నీ
పుర్రచేతి పిల్ల

*

నాలుగో గది, తలుపు పక్క కుర్చీ,
బుధవారం

పుర్రచేతి పిల్లకి,

కవరు మీద నువ్వు రాసిన ఇంటి నంబరు మూడో ఎనిమిదో తెలియక పోస్ట్‌మాన్ రెండిళ్ళూ తిరిగాడు. మసి చూడగానే నీదేనని తెలిసింది.

నా ఉద్యోగం బొమ్మని చూడటం కాదు, బొమ్మని చూసేవాళ్ళని చూడటం. చేరిన రోజే ఈ ముక్క చెప్పారు. అయినా ఇరవై ఒక్క ఏళ్ళు ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఎవరుంటారు? రాసుకో. వెడల్పు నేల మీది పలకలతో కొలిస్తే రెండున్నర. రెండు మేకుల మీద వేలాడుతుంది, ఒక మేకు వంగింది. పదకొండింటికి కిటికీ వెలుగు ఆమె మోకాలి మీద పడుతుంది, పన్నెండున్నరకి గుండీ మీదికి ఎక్కుతుంది, ఆ తర్వాత గోడకున్న మంటలార్పే సిలిండరు మీదికి పోతుంది. ఒంటి మీద నీలం చొక్కా. ఒళ్ళో ఇంకో చొక్కా, దానికే గుండీ. ముఖంలో 'గాఢమైన ఆలోచన' ఉందని గైడు చెబుతాడు. అది ఆలోచన కాదు, విసుగు. గుండీలు కుట్టేటప్పుడు నా ముఖమూ అంతే.

వచ్చినవాళ్ళు ఆమెని తొమ్మిది అంకెలు లెక్కపెట్టేంతసేపు చూస్తారు. సిలిండరుని పదకొండు. నన్ను ఇన్నేళ్ళలో అడిగిన ప్రశ్నలు రెండే: బాత్రూం ఎటు, ఇది అసలుదేనా.

ఆగు, ఎవరో ఫ్రేము తడుముతున్నారు.

వచ్చాను. దుమ్ముందో లేదో చూశాడట. ఉందని చెప్పి పంపించాను.

నువ్వడిగిన చేతి సంగతి వెలుగు సరిగ్గా ఉన్న రోజు చూసి రాస్తాను. మందుల షాపు ఎక్కడికీ పోదని మీ నాన్నతో చెప్పు.

మీ
పెద్దమ్మ

*

ట్యూషన్ మెట్ల మీద నుంచి,
శనివారం

పెద్దమ్మా,

మీ ఊళ్ళో వెలుగు ఇంకా సరిగ్గా రాలేదా? మూడు వారాలైంది.

నాన్న నన్ను ట్యూషన్‌లో చేర్పించాడు. మేమంతా ఆయన్ని సూత్రాల మాస్టారు అంటాం. సమతుల్యత, లయ, వైరుధ్యం, ప్రాధాన్యం, ఇవన్నీ ఆయన నాలుక చివర ఉంటాయి. ఆయన జన్మలో పెన్సిల్ చెక్కలేదు. మొదటిరోజే మా పుస్తకాలు తీసుకుని బొమ్మలన్నిటి మీదా తెల్లకాగితాలు అంటించేశారు. "బొమ్మ చూస్తే సొంత అభిప్రాయాలు వస్తాయి. సొంత అభిప్రాయానికి మార్కుల్లేవు" అన్నారు.

నా పక్కమ్మాయి ఆగలేక అడిగింది: "మాస్టారూ, ఇంతకీ ఆవిడ ఏం కుడుతోందండీ?"

"పదిహేను మార్కులు కుడుతోంది. రాసుకో."

కానీ పెద్దమ్మా, ఎడమ చేతి ప్రశ్నకి నాకు పదిహేనుకి పద్నాలుగు వేశారు! నన్ను నిలబెట్టి చెయ్యి ఎత్తమన్నారు. "చూడండి, ఎడమ చెయ్యి అంటే ఇది" అన్నారు. ఎనిమిదిమంది నా చెయ్యి చూసి నోట్సు రాసుకున్నారు. ఒకమ్మాయి వేళ్ళు కూడా లెక్కపెట్టింది. నవ్వొచ్చింది గానీ, నిజం చెబుతున్నాను, చెయ్యి దించబుద్ధి కాలేదు.

ఇంట్లో ఇంకో విచిత్రం. నాన్న ఆ పేజీ చదివి, మర్నాడు భోజనాల బల్ల దగ్గర నాకు ఎడమ చివరి కుర్చీ ఇచ్చాడు, మోచెయ్యి ఎవరికీ తగలకుండా. "నీ చెయ్యి మార్పించాలని చూశాం, తప్పేనమ్మా" అన్నాడు. నాకు లీలగా గుర్తుంది, చిన్నప్పుడెవరో నా చెయ్యి కుర్చీకి కట్టేసి కుడిచేత్తో పెన్సిల్ పట్టించారు. నానమ్మే అయ్యుంటుంది, ఆవిడకి అన్నీ తిన్నగా ఉండాలి కదా.

చెయ్యి గురించి రాయి. ఎన్ని వేళ్ళు కనిపిస్తున్నాయి? బొటనవేలు ఎటుంది?

నీ
పద్నాలుగు మార్కుల పిల్ల

*

నాలుగో గది,
గురువారం

తల్లీ,

ఇక దాచి లాభం లేదు. అది కుడిచెయ్యి.

నీ మొదటి ఉత్తరం చదవగానే బొమ్మ కేసి చూశాను. చూడక్కర్లేదు కూడా, నాకు తెలుసు. పుస్తకాల వాళ్ళు బొమ్మని తిప్పి అచ్చు వేశారు. కానీ ఆ కాగితం నిండా నీ సంతోషం. జవాబు రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. వెలుగు మీద నెట్టేశాను.

ఇప్పుడు ఊరంతా తెలిసిపోయింది కాబట్టి నేనూ చెబుతున్నాను. మొన్న ఒక స్కూలు నుంచి నలభై రెండుమంది పిల్లలొచ్చారు. అందరూ ఒకేసారి పుస్తకాలు తెరిచి ఎత్తి పట్టుకుని, బొమ్మనీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశారు. ముందు వరసలో పిల్ల "మేడమ్, బొమ్మ తప్పుగా ఉంది" అని అరిచింది.

వాళ్ళ టీచరమ్మ నా దగ్గరకొచ్చింది. "సరైనది లోపల దాచారా?"

"ఇదేనమ్మా అసలుది."

"అసలుదైతే పుస్తకంలో ఉన్నట్టు ఉండాలి కదండీ!"

ఫిర్యాదు పుస్తకంలో పేజీ నిండా రాసి వెళ్ళింది. దాంతో సూపరింటెండెంటు గారు స్వయంగా దిగొచ్చారు. ఆయన ఇంతకుముందు ఈ గదికి వచ్చింది కప్పు కారినప్పుడు. బొమ్మ ముందు నిలబడి తన చేతులు రెండూ చాపి, ఏది ఏదో సరిచూసుకుని, "ఇది మొదటినుంచీ ఇలాగే ఉందా?" అన్నారు.

"ఇలాగే ఉందండీ."

"మీరు సెలవులో ఉన్నప్పుడు?"

"అప్పుడూ ఇలాగే కుట్టుకుంటూ ఉండి ఉంటుందండీ."

నా మీద కోపం తెచ్చుకో, తప్పులేదు. చదువు మాత్రం మానకు.

పెద్దమ్మ

*

మా ఇల్లు,
సోమవారం

పెద్దమ్మకి,

రెండు నెలలు. రెండు నెలలు నేను నిన్ను బొటనవేలు ఎటుందో అడుగుతుంటే, నువ్వు కిటికీ వెలుగు గురించి రాశావు. పుస్తకం అబద్ధం చెప్పిందంటే అచ్చు తప్పు అనుకుంటాను. నీది అచ్చు తప్పు కాదుగా.

మాస్టారితో చెప్పాను. నీ ఉత్తరం చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, "పుస్తకం మూడో ముద్రణ. బొమ్మ ఎన్నో ముద్రణ?" అని అడిగారు. ఒకటే అన్నాను. "మరి ఏది నమ్మాలి?" అన్నారు.

పరీక్షల బోర్డుకి రాశాను. పన్నెండు రోజుల్లో జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను: "పాఠ్యపుస్తకమునకు, చిత్రమునకు భేదము కలిగినచో పాఠ్యపుస్తకమే ప్రమాణము. చిత్రమును తగురీతిని సరిచేయవలసినదిగా సంబంధిత మ్యూజియమునకు వ్రాయడమైనది."

కాబట్టి ఎడమ అని రాస్తే పదిహేను వస్తాయి. రాయగలను. కానీ ఇప్పుడు ఆ జవాబు రాస్తుంటే ఎవరిదో చొక్కా వేసుకున్నట్టు ఉంది. పుస్తకంలో ఉన్నది నేను కాదు, అచ్చు యంత్రం చేసిన పొరపాటు. నిన్న మాదిరి పరీక్షలో ఆ ప్రశ్నకి అయిదే వచ్చాయి. నాన్న మందుల షాపాయన్ని టీకి పిలిచాడు. ఆయన నా చేతులు చూసి "సీసాలు జారవిడవవు కదా పాపా?" అన్నాడు.

ఇంతే.

*

నాలుగో గది, బొమ్మ వీపు ఎదురుగా,
శుక్రవారం

బంగారుతల్లీ,

తిట్టాలనుకున్నదానివి ఇంకా తిట్టు, పడతాను. ముందు ఇది చదువు.

బోర్డు ఉత్తరం మా సూపరింటెండెంటు గారికి అందింది. 'సరిచేయవలసినదిగా' అన్న మాట కింద ఆయన రెండు గీతలు గీశారు. ఆయనకి పైనుంచి వచ్చిన కాగితం మీద గౌరవం ఎక్కువ. మీటింగు పెట్టారు, నన్నూ కూర్చోబెట్టారు. చెయ్యి మీద రంగు వేసి రెండో చేతికి సూది ఇద్దామన్నాడు గుమాస్తా. వద్దనుకున్నారు, రంగు కొనాలంటే మూడు సంతకాలు కావాలి. చివరికి సూపరింటెండెంటు గారికే ఆలోచన తట్టింది. "గాజు పలక మీద రాసింది వెనకనుంచి చూస్తే తిరగబడి కనిపిస్తుంది కదా? బొమ్మని వెనక్కి తిప్పితే సరి!"

"ఇది గాజు కాదండీ, కాన్వాసు" అన్నాను.

"అది తిప్పితే గదా తెలిసేది" అన్నారు.

నాకూ గుమాస్తాకీ చెరొక జత తెల్ల గ్లౌజులిచ్చారు, బొమ్మని వట్టి చేతులతో ముట్టకూడదు మరి. తిప్పి వేలాడదీశాం. మూడు రోజులుగా చెక్క చట్రమూ మాసిన గుడ్డా చూస్తున్నాను. ఇక్కడ చెప్పాల్సిన మాటొకటుంది, జనం ఇప్పుడు ఇరవై అంకెలదాకా నిలబడి చూస్తున్నారు. ఒకాయన సందర్శకుల పుస్తకంలో "చిత్రకారుడు ఏమీ దాచుకోలేదు" అని రాశాడు.

ఇన్నేళ్ళలో ఆమె వీపు నేను చూడలేదు. నిన్న దుమ్ము ఎక్కువగా ఉన్నచోట ఎడమ గ్లౌజు వేలితో తుడిస్తే పెన్సిల్ రాత బయటపడింది. "కూర్చోమంటే ఎవరూ కూర్చోలేదు. అద్దం పెట్టుకుని నేనే కూర్చున్నాను. గుండీ నాదే, చొక్కా ఆయనది." అంతే ఉంది, పేరు లేదు. అజ్ఞాత చిత్రకారుడు కాదన్నమాట, చిత్రకారిణి. నాకు ఎందుకో ఆ విసుగు ముఖం ఇప్పుడు బాగా అర్థమైంది.

దాచడం గురించి రాశావు. ఇంకొకటి కూడా దాచాను, అదీ చెప్పేస్తాను. నీ చెయ్యి కుర్చీకి కట్టింది మీ నానమ్మ కాదు, పాపం ఆవిడ మీద వేయకు. నీకు నాలుగేళ్ళప్పుడు మీ అమ్మ ఆస్పత్రిలో ఉంటే ఏడాదిపాటు నా దగ్గరున్నావు. ఎర్ర రిబ్బనుతో రోజూ గంటసేపు కట్టేదాన్ని. బడిలో నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని. ఇదంతా నీ మంచికేననుకున్నాను. నువ్వు ఏడవకుండా కుడిచేత్తో గీతలు గీసేదానివి, అన్నీ వంకరే. బొమ్మలో ఎడమ చెయ్యి ఉందని నువ్వు రాసినప్పుడు, లేదు అని ఏ ముఖంతో చెప్పను? ఒకసారి తీసేసుకున్న చెయ్యిని మళ్ళీ తీసేసుకోవడమే కదా.

పెద్దమ్మ

*

ట్యూషన్ మెట్లు,
మంగళవారం

పెద్దమ్మా,

రిబ్బను సంగతికి ఇప్పుడు జవాబు రాయను.

పరీక్ష ఇంకా నెల రోజులు. బొమ్మని వెనక్కి తిప్పారని చెబితే మాస్టారు సంతోషించారు. "ఇప్పుడు ఎవరూ పొరపాటుగా చూడరు" అన్నారు. అద్దం పెట్టుకుని కూర్చోవడమేమిటో నాకు అర్థం కాలేదు. నీకేమైనా తోస్తే రాయి. మార్కుల కోసం కాదు, ఊరికే.

చేతిరాత ఒక మార్కు కోసం కుడిచేత్తో రాయడం మొదలుపెట్టాను. మసి అంటడం లేదు. చదవడానికి కూడా ఏమీ ఉండటం లేదు.

*

నాలుగో గది, అద్దానికి ఎదురుగా,
బుధవారం

పిల్లా,

ఆ కుడిచెయ్యి వేషాలు వెంటనే మానెయ్. మిగతాది నిదానంగా చదువు.

బొమ్మ వెనక్కి తిప్పినా చెయ్యి కనబడలేదని, కాబట్టి సరిదిద్దినట్టు కాదని గుమాస్తా ధైర్యం చేసి చెప్పాడు. తిరిగి ముందుకి తిప్పారు. సూపరింటెండెంటు గారు పాత సెలూన్ ఒకటి మూసేస్తుంటే నిలువెత్తు అద్దం తెప్పించి, బొమ్మకి సరిగ్గా ఎదుటి గోడకి బిగించారు. స్కూలు పిల్లలు బొమ్మకి వీపు పెట్టి నిలబడి అద్దంలో చూడాలి. అందులో చెయ్యి పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది! పిల్లలు చూస్తున్నారు, టీచర్లు టిక్కు పెట్టుకుంటున్నారు, మిగతావాళ్ళు తల దువ్వుకుంటున్నారు.

ఆ అద్దం నా కుర్చీ ఉండే చోట వచ్చింది. నన్ను తెచ్చి బొమ్మ పక్కనే కూర్చోబెట్టారు. ఇప్పుడు రోజంతా అద్దంలో ఆమెనీ నన్నూ పక్కపక్కన చూస్తున్నాను. నిన్న చొక్కా గుండీ వదులైతే సూదీ దారం తీసి కుట్టుకుంటూ తలెత్తాను. నేను కుట్టేది కుడిచేత్తో. అద్దంలో నా ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమచేత్తో కుడుతోంది.

సూది అక్కడే ఆపేశాను. చూడు, అద్దం ముందు కూర్చుని కుడిచేత్తో కుడితే అద్దంలో మనిషి ఎడమచేతివాటంలా కనబడుతుంది. మరి అద్దంలో మనిషి కుడిచేత్తో కుడుతున్నట్టు కనబడాలంటే, బయట కూర్చున్న మనిషి ఏ చేత్తో కుట్టాలి?

ఆమెకి అద్దంలో ఏం కనిపించిందో అదే వేసింది. బొమ్మలో ఉన్నది కుడిచెయ్యి. ఆమెది మాత్రం ఎడమ చెయ్యి. నీలాగే పుర్రచేతి మనిషి. అచ్చువాళ్ళు పొరపాటున బొమ్మని తిప్పి, వాళ్ళకి తెలియకుండానే నిజం చెప్పేశారు.

పరుగున వెళ్ళి సూపరింటెండెంటు గారికి చెప్పాను. ఆయన తలుపు మూసి, "ఈ మాట ఇంకెవరితోనూ అనకండి, మొన్ననే అద్దం బిగించాం" అన్నారు. నీకు చెప్పకుండా ఉండటం మాత్రం ఇక నా వల్ల కాదు.

కవరులో ఒక గ్లౌజు పెట్టాను, ఎడమది. చూపుడువేలి మీద బూడిదరంగు ఆమె వెనకున్న దుమ్ము, ఉతకకు. పరీక్షలో తొడుక్కుని రాయి. గుడ్డ కాగితం మీద జారుతుంది, సిరా అంటదు. ఇంట్లో ఒకసారి సరిచూసుకో.

పెద్దమ్మ

*

పరీక్ష హాలు బయట, సైకిల్ స్టాండు,
పరీక్షరోజు

పెద్దమ్మా,

ఇంటికెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను.

ముందు నిన్నటి సంగతి. హాల్ టికెట్‌తోపాటు బోర్డువాళ్ళు ఒక సవరణ కాగితం పంచారు. మీ సూపరింటెండెంటు గారు అద్దం పెట్టకముందే "చిత్రమున కనబడునది కుడిచెయ్యి" అని వాళ్ళకి రాశారట. అంటే మీవాళ్ళు బోర్డు మాట విని గదిని మార్చారు, బోర్డు మీవాళ్ళ మాట విని పుస్తకాన్ని మార్చింది. సవరణ ఏమిటంటే: "పుస్తకమంతటా 'ఎడమ' అని ఉన్న ప్రతిచోటా 'కుడి' అని చదువుకొనవలెను." అంతటా అంటే అంతటా. పదకొండో పేజీలో "చూపు ఎడమనుండి కుడికి ప్రయాణించును" అని ఉండేది. ఇప్పుడు చూపు కుడినుండి కుడికి ప్రయాణిస్తుంది. మాస్టారు సాయంత్రం ఎనిమిదింటిదాకా దాన్ని బట్టీ పట్టించారు.

హాల్లో పర్యవేక్షకురాలు నా గ్లౌజు పట్టుకుంది. లోపలా బయటా తిప్పి చూసి, "ఒక చేతికేనా?" అంది.

"ఒక చేత్తోనే రాస్తానండీ."

ఆవిడకి సమాధానం నచ్చలేదు గానీ తప్పు దొరకలేదు.

ఆరో ప్రశ్న: "గుండీ కుడుతున్న స్త్రీ చిత్రమున కుడిచేతి ప్రాముఖ్యతను వివరింపుము. పదిహేను మార్కులు." మాస్టారి జవాబు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు, ఎడమ ఉన్నచోట కుడి పెడితే చాలు. పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. మందుల షాపు కళ్ళ ముందు కనబడింది, అలమరలతో సహా. ఆ పదిహేను లేకుండా నాకు పాసు మార్కులు వస్తాయని ఏ దేవుడూ హామీ ఇవ్వలేదు.

ఆమె చెయ్యిని అద్దం ఒకసారి మార్చింది. అచ్చువాళ్ళు ఒకసారి మార్చారు. బోర్డు ఒకసారి మార్చింది. నాలుగోసారి నేను మార్చలేకపోయాను పెద్దమ్మా. "కనబడేది కుడి. కుట్టినది ఎడమ" అని మొదలుపెట్టి, అద్దం సంగతి, బొమ్మ వెనక రాత, ఆమెకి ఎవరూ దొరక్కపోవడం, అన్నీ పేజీన్నర రాశాను. నాకు ఇంత హాయిగా ఏ జవాబూ రాలేదు. చుక్క మసి లేదు.

ఇక రిబ్బను. కట్టినవాళ్ళ ముఖం నాకు గుర్తులేదు. విప్పాక మణికట్టు మీద ఊదినవాళ్ళ ముఖం గుర్తుంది. అది నువ్వేనని ఎప్పుడూ తెలుసు. కట్టిందీ ఊదిందీ ఒకరేనని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. చాలా కోపం వచ్చింది. అందుకే రాయలేదు. ఇప్పుడు కొంచెమే ఉంది.

నీ పిల్ల

*

స్కూలు ఆఫీసు గది వరండా,
ఫలితాల రోజు

పెద్దమ్మా!

ముప్పై అయిదు!

ముప్పై ఆరు కాదు, ముప్పై నాలుగు కాదు. నమ్మలేక దిద్దిన పేపరు చూపించమని అడిగాను. ఆరో ప్రశ్న తీశాను. పేజీన్నరకీ అడ్డంగా ఎర్రగీత, పక్కన పెద్ద సున్న. కింద ఏం రాశారో తెలుసా? "విద్యార్థినికి ఏ చేతి మీదా స్పష్టత లేదు."

మిగతావన్నీ కూడితే ముప్పై నాలుగే. రెండుసార్లు కూడాను. ఆఖరి పేజీ అడుగున చిన్న గడి ఉంది, నేను దాన్ని ఎప్పుడూ చూడను, అందులో ఎప్పుడూ ఏమీ ఉండదు కాబట్టి. "చేతిరాత: 1."

అక్కడే, గుమాస్తా ముందే, ఏడ్చేశాను. ఆయన కంగారుపడి "పాసయ్యావు కదమ్మా" అన్నాడు.

నాన్న మందుల షాపాయనకి ఫోన్ చేసి చెప్పాడు. మాస్టారు మాత్రం ఆరో ప్రశ్నకి సున్న వచ్చిందని తెలిసి తల పట్టుకున్నారు. వెళ్ళబోతూ, ఎవరూ వినకుండా, "ఇంతకీ ఆవిడ కుట్టేది ఎవరి చొక్కా?" అని అడిగారు.

గ్లౌజు ఉతకలేదు. వెనక్కి పంపనా?

*

నాలుగో గది,
శనివారం

నా పుర్రచేతి పిల్లకి,

నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. గదిలో ముగ్గురున్నారు, ఎవరేమనుకుంటే నాకేం.

అద్దం తీసెయ్యమని బోర్డు నుంచి కాగితం వచ్చింది. సూపరింటెండెంటు గారు కింద రెండు గీతలు గీశారు గానీ, ఆయనకీ తల దువ్వుకోవడం అలవాటైంది, చూద్దాం అన్నారు.

ఇక నా కష్టం చెబుతాను. స్టోరు ఆయన గ్లౌజులు సరిచూస్తే ఒక జతలో ఎడమది లేదు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు. కూర్చుని రాశాను: "ఎడమ చేతి గ్లౌజు అవసరమైన చోటికి పంపబడినది. దాని పని అది చేసినది." ఇంకో ఎనిమిది వాక్యాలు కూడా రాశాను. ఎందుకో బుద్ధి పుట్టి, మొత్తం ఎడమచేత్తో రాశాను. స్టోరు ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక్క ముక్కా అర్థంకాక, చూశానని సంతకం పెట్టేశాడు.

పది వాక్యాలకి గంట పట్టింది తల్లీ. వేళ్ళు మాట వినలేదు, ఒక్క అక్షరమూ గీత మీద నిలవలేదు, మధ్యలో రెండుసార్లు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను అరవైకి దగ్గరపడుతున్న మనిషిని, నన్నెవరూ కట్టెయ్యలేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యి మార్చుకోవచ్చు. నీకప్పుడు నాలుగేళ్ళు.

గ్లౌజు వెనక్కి పంపకు.

పెద్దమ్మ